ఉలుకు లేని పాలపన్ను

సువర్చలకి ముప్పై నాలుగేళ్లొచ్చినా ఒక పాలపన్ను ఊడలేదు. పైవరసలో ఎడంపక్క, కోరపన్ను ఉండాల్సిన చోట, జొన్నగింజంత పన్నొకటి అలాగే ఉండిపోయింది. నవ్వినప్పుడు అదొక ముద్దు. వాళ్లమ్మ అనంతలక్ష్మి బతికున్నన్నాళ్లూ దాన్ని అదృష్టప్పన్ను అనేది. అసలు కోరపన్ను దిగే దారి తప్పి అంగిట్లో అడ్డంగా పడుకుందని, దాని చుట్టూ నీటితిత్తి పెరిగి ఎముకని నెమ్మదిగా తినేస్తోందని, విశాఖపట్నంలో డాక్టర్ పర్వీన్ స్కాన్ తీసి చూపించేదాకా ఎవరికీ తెలీదు.

డాక్టర్ పర్వీన్ నోటి ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన మనిషి. సువర్చలకి చెవులు వినపడవని తెలిశాక మాస్కు తీసి పక్కన పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, పెదవులు కనపడేలా నిదానంగా మాట్లాడింది. పెదవుల మీద అందని మాట వచ్చినప్పుడల్లా పక్కనే ఉన్న తండ్రి తాతబ్బాయి చేతులతో చెప్పాడు. ఆ తండ్రీకూతుళ్ల సంజ్ఞల్లో సగం బధిరుల బడిలో నేర్చినవి, సగం ఇంట్లోనే పుట్టినవి.

భయపడాల్సిందేమీ లేదంది డాక్టరు. మనిషిని నిద్రపుచ్చరు, నోటిని మటుకే మొద్దుబారుస్తారు. అంగిట్లో సూది దిగేటప్పుడు చురుక్కుమంటుంది, ఆ మాట దాచి లాభం లేదు. ఆ తర్వాత నొప్పి తెలీదు గానీ నొక్కుతున్నట్టు, కదిలిస్తున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. అంగిలి మీది చర్మాన్ని మూతలా లేపి, దారి తప్పిన పన్నుని ముక్కలు చేసి తీసి, తిత్తిని శుభ్రంగా గోకేసి, మూత మళ్లీ వేసి కుట్టేస్తారు. వాపు మొదటిరోజు కన్నా మూడోరోజు ఎక్కువుంటుందని, అది చూసి కంగారు పడొద్దని ముందే చెప్పింది. ఆఖర్న, పాలపన్ను కూడా తీసెయ్యక తప్పదంది. దాని వేరు ఎలాగూ కరిగిపోయింది.

పాలపన్ను మాట అందగానే సువర్చల కళ్లు తళుక్కుమన్నాయి. తాతబ్బాయి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆ పన్ను బయటికొస్తే కూతురు దాన్నేం చేయాలనుకుంటుందో ఆయనకి తెలుసు.

సువర్చల పనిచేసేది పళ్లు చదివే ప్రయోగశాలలో. చెట్టు మానులో ఏడాదికో వలయం పడ్డట్టు, పసిపిల్లల పంటి మీది ఎనామెల్‌లో రోజుకో పొర పడుతుంది. తల్లి కడుపులో ఉండగానే అది మొదలవుతుంది. పుట్టిన రోజున ముదురుగీత ఒకటి పడుతుంది. జ్వరమొస్తే పొర పల్చబడుతుంది, ఆకలికి వంకరపోతుంది, గట్టి మందు ఒంట్లోకెళితే రంగు తిరుగుతుంది. ప్రొఫెసర్ కామేశ్వరి తయారుచేసిన యంత్రం పన్నుని వెంట్రుక కన్నా సన్నటి రేకులుగా కోసి, ఆ పొరల్ని ఒక్కొక్కటే విడదీసి తెరమీద పరుస్తుంది. దానికి పొరచూపు అని పేరు పెట్టుకున్నారు. ఒకసారి కోశాక పన్ను మిగలదు.

పిల్లలు పేడలో పెట్టి ఇంటికప్పు మీదకి విసిరే పాలపళ్లని బడులకెళ్లి అడిగి తెచ్చుకునేవారు. అలా వేల పళ్లు చూస్తూ చూస్తూ ఓరోజు సువర్చలే కనిపెట్టింది. పొరల మధ్య అక్కడక్కడా ఆవగింజలో సగమైనా లేని వణుకు. దీపావళి వచ్చిన వారంలో ఆ వణుకులు గుంపులుగా ఉన్నాయి. ఉరుములు పడ్డ రోజుల్లో ఉన్నాయి. పసిబిడ్డ పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడినప్పుడల్లా ఒళ్లంతా ఝల్లుమంటుంది కదా, ఆ ఝల్లు పంటి పొరలో కూడా పడుతోంది. వినపడే పిల్లలందరి పళ్లలోనూ ఉలుకులున్నాయి. వినపడని పిల్లల పళ్లలో లేవు. ఆ సంగతి రుజువైన రోజున కామేశ్వరి గారు అందరిముందూ లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించారు. వినపడని వాళ్లకి చప్పట్లు అలాగే కొట్టాలని ఆవిడకి నేర్పింది సువర్చలే.

ఎవరికి పుట్టుకతోనే వినికిడి లేదో, ఎవరికి మధ్యలో ఏ మందు వల్లో పోయిందో ఇక పన్ను చూసి చెప్పొచ్చు. పుట్టగానే జబ్బుపడ్డ పసికందులకి ప్రాణం నిలబెట్టే మందులు వాడే ఆస్పత్రులన్నీ ఈ సంగతి తేలడం కోసం చూస్తున్నాయి. ఒక్క చిక్కు మిగిలింది. చెవులకి చేటు చేసే మందు ఏ రోజున ఒంట్లోకి వెళ్లిందో ఖాయంగా తెలిసిన పాలపన్ను ఒక్కటైనా దొరకాలి. అది లేకుండా యంత్రం చెప్పేది నిజమో కాదో సరిచూసుకునే దారి లేదు. అలాంటి పన్ను సువర్చల నోట్లోనే ఉంది.

తాతబ్బాయి ఒకప్పుడు గోదావరి లంకల్లో పశువుల ఆస్పత్రి సహాయకుడు. సువర్చల ఎనిమిది నెలల బిడ్డగా ఉండగా వరదొచ్చింది. లంక చుట్టూ ఎర్రనీళ్లు, పడవలు కట్టేశారు. బిడ్డకి ఒళ్లు కాలిపోతోంది, డొక్కలెగరేస్తోంది, పాలు తాగడం మానేసింది. ఇంట్లో ఉన్నది పశువుల మందుపెట్టె ఒక్కటే. లేగదూడలకి రొప్పు పడితే పొడిచే మందు అందులో ఉంది. దూడ బరువుకీ బిడ్డ బరువుకీ లెక్క కట్టుకుని, దేవుడి మీద భారం వేసి, ఆయనే సూది పొడిచాడు. రోజుకొకటి చొప్పున వరసగా మూడు రోజులు పొడిచాడు. బిడ్డ దక్కింది. నీళ్లు తీశాక పట్నం తీసుకెళ్తే, బిడ్డకి చెవులు వినపడటం లేదన్నారు. ఏం మందు వాడారని అడిగిన డాక్టరు, పేరు చెప్పగానే తల పట్టుకున్నాడు. ఆ మందు చెవుల్ని తినేస్తుందని తాతబ్బాయికి తెలియడం అప్పుడే.

ఆయన దాచిందేమీ లేదు. ఊరందరికీ తెలుసు, చుట్టాలకి తెలుసు, సువర్చలకి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. బతికించావు కదా నాన్నా అని ఆ పిల్ల ఎప్పుడో అనేసింది. ఆయన మటుకు ఆ ఉద్యోగం వదిలేసి, కూతుర్ని బడిలో వేయడానికి విశాఖపట్నం వచ్చి, పాలకేంద్రంలో పనికి కుదురుకున్నాడు. మళ్లీ సూది ముట్టుకోలేదు.

అనంతలక్ష్మి మాత్రం కూతురికి ఒకటే చెప్తుండేది. ఎనిమిది నెలలు నువ్వు విన్నావు, నేను పిలిస్తే తల తిప్పేదానివి, జోల పాడితే నవ్వేదానివి అని. సువర్చల ఆ మాటని బంగారంలా దాచుకుంది. బడిలో తోటిపిల్లలకి గొప్పగా చెప్పుకుంది, మా అమ్మ గొంతు నేను విన్నాను అని. ఆరేళ్ల కిందట తల్లి పోయాక కూడా, ఎవరైనా అడిగితే ముందు ఆ మాటే చెప్పేది.

డాక్టరు దగ్గర్నుంచి ఇంటికొచ్చాక సువర్చల తండ్రిని అడగనే అడిగింది. పన్ను తీశాక దాన్ని చదవనిస్తావా అని. ఆయన కిటికీ రెక్క మూసి ఆమె వైపు తిరిగాడు.

"ఇక్కడిదాకా వినపడింది, ఇక్కడ మా నాన్న సూది పొడిచాడు, ఇక్కణ్నుంచి వినపడలేదు అని గీత గీసి చూపిస్తావా అమ్ములూ?" అన్నాడు చేతులతో. "తెలిసిందే గానీ, కళ్లతో చూడలేనమ్మా."

ప్రయోగశాలకో నియమం ఉంది. పాలపన్నులో బిడ్డ ఒక్కతే ఉండదు, కన్నవాళ్లూ పెంచినవాళ్లూ కూడా ఉంటారు. అందుకని బతికున్న తల్లో తండ్రో సరేనంటేనే చదవాలి. ఆ నియమం ఊరికే రాలేదు. మొదటిరోజుల్లో ఒకావిడ ముచ్చటపడి కొడుకు పన్ను చదివించుకుంది. ఉద్యోగం పనిమీద తను వేరే ఊళ్లో ఉన్న నెలల్లో బిడ్డ పొరలన్నీ ఆకలికి వంకర్లు తిరిగి ఉన్నాయి. బిడ్డని పెంచిన అత్తగారి ముఖం ఆవిడ మళ్లీ చూడలేదు. వాడు పాలు తాగేవాడు కాదమ్మా, నేనేం చెయ్యను అని ఆ ముసలావిడ ప్రయోగశాల మెట్లమీద కూర్చుని ఏడ్చిన ఏడుపు కామేశ్వరి గారింకా మర్చిపోలేదు. సువర్చలా మర్చిపోలేదు. తండ్రిని రెండోసారి అడగలేదు.

ఆపరేషన్ గదిలోకి తాతబ్బాయిని కూడా రానిచ్చారు. పెదవులు కనపడేలా ముందుభాగం అద్దంలా ఉన్న మాస్కు తెప్పించుకుంది డాక్టరు గానీ, కుర్చీ వెనక్కి వాల్చాక ఆమె ముఖం తలకిందులుగా కనపడుతోంది. తలకిందుల పెదవుల్ని ఎవరు చదవగలరు? అందుకని తాతబ్బాయి నీలంగౌను తొడుక్కుని కూతురి కాళ్లవైపు నిలబడ్డాడు. నొప్పి అనిపిస్తే ఎడంచెయ్యి ఎత్తమన్నారు. డాక్టరు నోటితో చెప్పేది ఆయన చేతులతో చెప్పాలి.

డాక్టరు సూది చేతిలోకి తీసుకోగానే ఆయన కళ్లు వాటంతటవే పక్కకి తిరిగిపోబోయాయి. తిరిగితే కూతురికి చెప్పేవాళ్లు లేరు. బలవంతాన చూపు నిలబెట్టుకుని, ఇప్పుడు చురుక్కుమంటుంది, ముక్కుతో గాలి పీల్చుకో, దిగుతోంది, అయిపోతోంది, అయిపోయింది అని చెప్పుకుంటూ పోయాడు. సువర్చల కాలివేళ్లు ముడుచుకుని మళ్లీ విచ్చుకున్నాయి. ఎడంచెయ్యి లేవలేదు. తాతబ్బాయి చొక్కా గౌను లోపల తడిసి ముద్దయింది.

పెదవీ అంగిలీ మొద్దుబారాక పని మొదలైంది. డ్రిల్లు చప్పుడుకి మామూలుగా మనుషులు బిగుసుకుపోతారు, సువర్చలకి ఆ బాధ లేదు. పుర్రె లోపల ఎవరో తిరగలి తిప్పుతున్నట్టుందని, భయం వెయ్యలేదని, పైగా నిద్రొచ్చిందని తర్వాత చెప్పింది. ఒకసారి మటుకు లోపల ఏదో పెళుక్కున విరిగినట్టయి కళ్లు పెద్దవి చేసింది. కోరపన్ను రెండు ముక్కలయిందని, అలా చెయ్యాలనే చేశారని తండ్రి చెప్పాక మళ్లీ తేలిగ్గా పడుకుంది. తిత్తిని మొత్తం తీసి, అందులో కొంత పరీక్షకి పంపమంది డాక్టరు. అనుమానంతో కాదు, పద్ధతి అని చెప్పింది. ఆ పరీక్షలో ఏ చెడూ లేదని వారం తిరక్కుండానే తేలింది.

పాలపన్ను చివర్న వచ్చింది. పటకారుతో పట్టి కాస్త తిప్పేసరికి, దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు ఊడొచ్చింది. డాక్టరు దాన్ని అరచేతిలో పెట్టుకుని తాతబ్బాయికి చూపించింది. వేరు లేదు. పైన తెల్లటి టోపీ చెక్కుచెదరలేదు. ఉప్పునీళ్లు పోసిన బుల్లి సీసాలో వేసి ఆయన చేతికిచ్చింది. ఆ తర్వాత కుట్లు వేసి, అంగిలికి పారదర్శకమైన ప్లాస్టిక్ పలక ఒకటి తొడిగింది. కుట్టిన చోటికి అన్నం తగలకుండా అది కాపాడుతుంది. ముందు ఖాళీ కనపడకుండా ఆ పలకకే పెట్టుడుపన్ను ఒకటి అతికించి ఉంది.

ఇంట్లో తాతబ్బాయి డాక్టరు చెప్పినట్టే అన్నీ చేశాడు. మొదటిరోజు మంచుముక్కలు గుడ్డలో చుట్టి బుగ్గకి పెట్టాడు. గట్టిగా ఉమ్మనివ్వలేదు, గొట్టంతో ఏదీ పీల్చి తాగనివ్వలేదు, అలా చేస్తే గడ్డకట్టిన రక్తం కదిలిపోతుందట. రాగిజావ చల్లార్చి చెంచాతో పట్టాడు. పెరుగన్నం వేళ్లతో మెదిపి మెదిపి వెన్నలా చేశాడు. మర్నాటినుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిట పట్టించాడు. మూడోరోజుకి బుగ్గ ఉబ్బి ఎడంకన్ను సగం మూసుకుపోయింది, కంటికింద నల్లగా కమిలింది. ముందే చెప్పినా తాతబ్బాయి చెప్పులేసుకుని డాక్టరు దగ్గరికి పదమన్నాడు. సువర్చల అద్దంలో చూసుకుని, నూనెలో పూరీ పొంగినట్టు చేతులతో చూపించింది. ఆయనకి నవ్వాగలేదు. నోటికి కుట్లు పడ్డా ఆ ఇంట్లో మాటలు ఆగలేదు, వాళ్ల మాటలకి నోటితో పనిలేదు గనక.

సీసా ఫ్రిజ్ తలుపులో, పెరుగుగిన్నె పక్కన ఉంది. ఇద్దరిలో ఎవరూ దాని ఊసెత్తలేదు.

వాపు దిగుతున్న రోజుల్లో కామేశ్వరి గారు మెత్తటి సపోటాపళ్లు పట్టుకుని చూడటానికొచ్చారు. సువర్చల మందులు వేసుకుని నిద్రపోతోంది. తాతబ్బాయి కాఫీ కలిపిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆపరేషన్ బాగా జరిగినందుకు ఆవిడ సంతోషించి, పన్ను సంగతి మాత్రం బాధగానే ఉందన్నారు.

"తీసేటప్పుడు పొడిపొడి అయిపోయిందటగా. అమ్మాయి మెసేజ్ పెట్టింది. అలాంటి పన్ను మాకు మళ్లీ దొరకదండీ. సరే, దాని చేతిలో ఏముంది పాపం."

తాతబ్బాయి ఖాళీ కప్పు అందుకున్నాడు. ఆవిడ వెళ్లిపోయాక వంటింట్లోకెళ్లి ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడ్డాడు. సీసాలో పన్ను చెక్కుచెదరకుండా ఉంది. చిన్నప్పుడు కూడా అబద్ధమాడటం చేతకాని పిల్ల అది. కామేశ్వరి గారంటే దేవుడితో సమానం దానికి. అలాంటావిడతో అబద్ధం చెప్పింది, తండ్రి సరేననలేదని చెప్తే ఆవిడ తండ్రిని ఏమనుకుంటుందో అని. కనిపెట్టింది అది, రాత్రనకా పగలనకా కష్టపడింది అది, అంతా అయ్యాక ఒక్కమెట్టు దగ్గర ఆయన కోసం ఆగిపోయింది. తన సూది ఆ పిల్ల చెవులు తీసుకుంది చాలదా, చేతిలో పని కూడా తీసుకోవాలా అనుకున్నాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉందని అది కుయ్యికుయ్యిమంటున్నా ఆయన కదల్లేదు.

కుట్లు కరిగి, పలక తీసేశాక సువర్చల పనికెళ్లడం మొదలుపెట్టింది. ఆ రోజే తాతబ్బాయి సీసాని చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, ఆమె వెనకే ఇంకో బస్సెక్కాడు. ప్రయోగశాలలో కామేశ్వరి గారూ సువర్చలా తెరముందు కూర్చుని ఉన్నారు. ఆయన వెళ్లి సీసా వాళ్లమధ్య బల్లమీద పెట్టాడు. నోటితోనూ చేతులతోనూ ఒకేసారి చెప్పాడు.

"పన్ను విరగలేదండి. మా అమ్మాయి నాకోసం అలా చెప్పింది. నాకు ఇష్టమే, చదవండి. నేనిక్కడే కూర్చుంటాను."

సువర్చల తలదించుకుంది. కామేశ్వరి గారు ఆమె భుజమ్మీద చెయ్యి వేశారు. సువర్చల తండ్రి వైపు తిరిగి, ఒకసారి కోశాక మళ్లీ అతుక్కోదు, బాగా ఆలోచించుకో అంది. ఆయన కొయ్యమన్నాడు.

పొరచూపు పని నెమ్మదైంది. పన్నుని జిగురులో గట్టిపరిచి, రేకు తర్వాత రేకు కోసి, ఒక్కోదాని మీదా వెలుతురు పోనిచ్చి, తెరమీద అతుకుతుంది. తాతబ్బాయి గోడవారగా స్టూలు మీద కూర్చుని కూతురి వీపు చూస్తున్నాడు. తెరమీద బూడిదరంగు చారలు కుడినుంచి ఎడమకి పాకుతున్నాయి. ఆమె వేలు వాటి వెంబడే వెళ్తోంది. ముదురుగీత దగ్గర కాస్త ఆగింది, అది ఆమె పుట్టినరోజని ఆయన ఇదివరకు విన్నాడు. వేలు ముందుకెళ్లింది. ఉన్నట్టుండి ఆగి, వెనక్కెళ్లి, మొదటినుంచీ మళ్లీ మొదలెట్టింది. మూడోసారీ అంతే. ఆ తర్వాత కామేశ్వరి గారిని దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఇద్దరూ ఇంకో పిల్లవాడి పన్ను తెచ్చి తెరమీద దీని పక్కన పెట్టి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తాతబ్బాయి స్టూలు అంచు పట్టుకున్నాడు. గీత దొరికిందనుకున్నాడు.

సువర్చల లేచొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని తెరముందు కూర్చోబెట్టింది. ముందు పక్కన పెట్టిన పిల్లవాడి పన్ను చూపించింది. బూడిదరంగు చారల నిండా నలకలు, నేలమీద ఆవాలు ఒలికినట్టు. అవి ఉలుకులంది. వీడికి వినపడుతుంది. పుట్టకముందు, కడుపులో ఉన్న చివరి నెలల్లో కూడా వీడు ఉలిక్కిపడ్డాడు, ఇదిగో చూడు అంది. అప్పుడు తన పన్ను మీద వేలు పెట్టింది. చివర్లో ఒకచోట చారలు పల్చబడి, నల్లబడి, దాదాపు మాసిపోయి ఉన్నాయి. ఆ నలుపులో మూడు పసుప్పచ్చ దారాలు.

"ఇది వరదలో వచ్చిన జ్వరం. ఇవి మూడూ నీ సూదులు. మూడోదాని తర్వాత పొర ఎంత నిండుగా ఉందో చూశావా? ఇక్కణ్నుంచే నేను బతికాను."

ఆయన తలూపాడు. ఆయన చూపు దానికి ముందున్న భాగం మీదికి పోవడానికి జంకుతోంది. ఆమె ఆయన గడ్డం పట్టుకుని అటు తిప్పింది.

"ఇక్కడ చూడు నాన్నా. కడుపులో లేవు, పుట్టిన రోజున లేవు, సూది దాకా ఒక్క ఉలుకు లేదు. ఎన్ని ఉరుములో, ఎన్ని బాజాలో, ఒక్కటీ నాకు తగల్లేదు. నాకెప్పుడూ వినపడలేదు. నువ్వు పోగొట్టడానికి నా దగ్గర ఏమీ లేదు."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మకం కుదర్లేదు. కామేశ్వరి గారి వైపు తిరిగి, యంత్రం పొరబడిందేమోనండీ అని అడిగాడు. ఆవిడ తొందరపడి మాట్లాడే మనిషి కాదు. ఒక్క పన్నుతో లోకానికంతటికీ సిద్ధాంతం చెప్పనండీ, ఇంకా చాలా చూడాలి అన్నారు. ఎందుకు వినపడకుండా పుట్టిందో కూడా ఈ పన్ను చెప్పలేదన్నారు. "కానీ మీ సూది ముందుందా, వినికిడి లేకపోవడం ముందుందా అంటే మాత్రం, నాకే అనుమానమూ లేదు. మీరు బిడ్డని బతికించారు, అంతే చేశారు."

తాతబ్బాయి ఏడుస్తాననుకున్నాడు. నవ్వొచ్చింది. ముందు గొంతులో గురగురమని, తర్వాత భుజాలు ఊగిపోయేలా నవ్వాడు. నవ్వుతూనే స్టూలు మీంచి నేలకి జారి కూర్చున్నాడు. కామేశ్వరి గారు గ్లాసుతో నీళ్లిచ్చారు. ముప్పై మూడేళ్లుగా మెడమీద కాడి ఉందని, అది దిగాక గానీ ఆయనకి తెలీలేదు. మెడ రెండువైపులా తిప్పి చూసుకున్నాడు, నిజంగానే ఏదో దించినట్టుంది.

గ్లాసు కింద పెట్టి చూసేసరికి సువర్చల మళ్లీ తెరముందుకెళ్లింది. పుట్టినగీత దగ్గర్నుంచి వేలు పెట్టి, చార తర్వాత చార, చీకట్లో పారేసుకున్న చెవిదుద్దు వెతికినట్టు వెతుకుతోంది. రెండోచెయ్యి బుగ్గమీద ఉంది. అనంతలక్ష్మి చెప్తుండిన మాట తాతబ్బాయికి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నవ్వు ఆగిపోయింది. తనమీంచి బరువు దించిన చేత్తోనే ఆ పిల్ల ఏం పోగొట్టుకుందో తెలిసింది. యంత్రం పొరబడినా బాగుండునని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది, ఆ కాడి మళ్లీ మెడకెత్తుకోవాల్సొచ్చినా సరే.

సాయంత్రం ఇద్దరూ కలిసే బయల్దేరారు. బస్టాపులో రద్దీగా ఉంది. కాస్త పక్కకి తీసుకెళ్లి తాతబ్బాయి కూతురి ముందు నిలబడ్డాడు.

"మీ అమ్మ అబద్ధం చెప్పలేదమ్మా. నేనూ చూశాను. ఆవిడ గుమ్మంలోకొస్తే చాలు, తల తిప్పేదానివి. నీడ పడితే తిప్పావో, చీర కదిలితే తిప్పావో, మేం పిలుపుకే అనుకున్నాం. జోల పాడుతూ ఒళ్లో వేసుకుని ఊపేది. ఆ ఊపుకి నవ్వేదానివి కాబోలు."

సువర్చల ఆయన చేతులవైపు చూస్తూ నిలబడింది. బస్సొకటి వచ్చి వెళ్లిపోయింది. అది వాళ్లదే, ఇద్దరూ కదల్లేదు.

"చిన్నప్పుడు కళ్లు మూసుకుని అమ్మ గొంతు గుర్తు తెచ్చుకోవాలని చూసేదాన్ని," అంది చివరికి. "ఎనిమిది నెలలు విన్నదాన్ని కదా, లోపలెక్కడో ఉండితీరాలి అనుకునేదాన్ని. దొరికేది కాదు. అమ్మ పోయాక ఇంకా వెతికాను. కన్నతల్లి గొంతు మర్చిపోయానని నామీద నాకే అసహ్యం వేసేది నాన్నా. ఎవరికీ చెప్పలేదు."

ఆమె ఒకసారి బుగ్గ తడుముకుని మళ్లీ చేతులెత్తింది.

"మర్చిపోలేదన్నమాట."

అంటూనే కళ్లలో నీళ్లొచ్చాయి, ముఖం మటుకు తేటగా ఉంది. తాతబ్బాయి ఆమె తల దగ్గరికి లాక్కున్నాడు. జనం చూస్తున్నారని ఇద్దరికీ తోచలేదు. కాసేపయ్యాక ఆమె కళ్లు తుడుచుకుని, మందు పొరలో ఎలా పడుతుందో తెలిసింది గనక రేపటినుంచి పసిపిల్లల వార్డులో చికిత్స జరిగిన పిల్లల పళ్లు తెప్పిస్తానన్నారు కామేశ్వరి గారు, చాలా పనుంది అని చెప్పింది.

తర్వాతి బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. రెండు స్టాపులు దాటకముందే తాతబ్బాయి తల కూతురి భుజమ్మీద వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లాడిలా నిద్రపోయాడు. వాళ్లు దిగాల్సిన చోటు వచ్చింది, పోయింది. సువర్చల కదల్లేదు. జనం దిగిపోతూ దిగిపోతూ బస్సు ఖాళీ అయింది. ఆఖరి స్టాపులో కండక్టరు దగ్గరికొచ్చి, ఆయన్ని లేపడానికి టిక్కెట్ల మిషనుతో సీటు కడ్డీ మీద కొట్టబోయాడు.

సువర్చల అతని చెయ్యి పట్టుకుని ఆపి, చప్పుడు చెయ్యొద్దని పెదవిమీద వేలు పెట్టి చూపించింది.